బీరు గ్లాసుకు మడి

మా బేస్‌మెంట్‌లో నేను కాచే బీరు రుచికి బాగానే ఉండేది. నురగే నిలిచేది కాదు. గ్లాసులో పోయగానే బుసబుసా పొంగేది, ఫొటో తీద్దామని ఫోన్ అందుకునేలోపు చల్లారిపోయేది.

అది నాకు పరువు సమస్య అయి కూర్చుంది. నాకు బీరు కాయడం నేర్పిన ఎదురింటి అమెరికన్ పెద్దాయన శనివారం రుచి చూడటానికి వస్తానన్నాడు. ట్రాయ్‌లో మా వీధిలో నేను పుట్టకముందు నుంచీ ఇంట్లో బీరు కాస్తున్న మనిషి. ఆయన దృష్టిలో నురగ లేనిది బీరే కాదు.

నురగ నిలుస్తుందని మొలకగట్టి ఎండబెట్టిన గోధుమల మాల్టు కలిపాను. సీసాలను ఇంకొన్నాళ్లు కదపకుండా ఉంచాను. ఈస్ట్‌ను నోరారా తిట్టాను. మా ఇంట్లో వారాంతపు వంటా, గిన్నెలూ మా ఆయనవే. సింకు దగ్గర నుంచి తల తిప్పకుండానే అన్నాడు: "నురగనే కావాల్నంటే ఫిల్టర్ కాఫీ పెట్టుకో. గింత టెన్షన్ ఎందుకే?"

ఒళ్లు మండి పెద్దాయనకు ఫోన్ చేశాను. గ్లాసు తడిపి లోపల ఉప్పు చల్లి చూడమన్నాడు. జిడ్డు ఉన్నచోట ఉప్పు అంటదట, ఆ జిడ్డే నురగను చంపుతుందట. చల్లాను. ఉప్పంతా జారి అడుగున కుప్పపడింది. ఏ గ్లాసు చూసినా అంతే.

వెళ్లి మా ఆయన పక్కన నిలబడ్డాను. నెయ్యి గిన్నె తోమాడు, పూరీల మూకుడు తోమాడు, అదే స్పాంజిని నా గ్లాసు లోపల ప్రేమగా తిప్పాడు. తర్వాత దాన్ని డిష్‌వాషర్‌లో బోర్లించాడు. ఇక్కడి చాలా తెలుగు ఇళ్లలో లాగే మా డిష్‌వాషర్ కూడా గిన్నెలు ఆరబెట్టుకునే స్టాండు. దాన్ని ఆన్ చేసిన పాపాన ఎవరూ పోలేదు.

"అన్నిటికీ ఒకటే స్పాంజా?"

"మరెన్నుండాలె? ఖరాబైనంక మారుస్తున్న కదా!"

"నా బీరుకి నెయ్యి పూస్తున్నావు కదయ్యా!"

శనివారానికి కొత్త స్పాంజి, మరిగే నీళ్లు. ఆవకాయ జాడీ దగ్గర మా నానమ్మ పాటించినంత మడి పాటించాను. గ్లాసులను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పెద్దాయన వచ్చాడు. పోశాను. నురగ లేచి, రెండు వేళ్ల మందాన తెల్లగా నిలిచింది. ఆయన గ్లాసును వెలుతురుకెత్తి చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా అప్పుడే మా ఆయన మిరపకాయ బజ్జీల పళ్లెంతో వచ్చాడు. "ప్లీజ్ టేస్ట్, అంకుల్. వెరీ హాట్!"

పెద్దాయన ఒకటి కొరికాడు. ముఖం ఎర్రబడింది. ఆ నూనె పెదాలతోనే గబగబా నా బీరు అందుకున్నాడు. పెదవి తగిలిన చోటు నుంచి నురగ విరుగుతూ విరుగుతూ, నేను చూస్తుండగానే మాయమైంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం గ్లాసు వంక చూడనే లేదు. ఖాళీ చేసి నా వైపు జరిపాడు, పళ్లెం తన వైపు లాక్కున్నాడు, ఇవి ఎలా చేస్తారో నేర్పమని మా ఆయనను అడిగాడు.