అప్‌డేట్ మింగిన శ్రుతి

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ రోజు పొద్దున్నే అదంతా నా టాబ్లెట్ మీదికి పోయింది. అప్‌డేట్ చేయమంటావా అని ముందురోజు అడిగితే, సరేనని నొక్కి పక్కన పెట్టాను. తెల్లారి చూస్తే శ్రుతి యాప్ తెరుచుకోవడం లేదు. నొక్కగానే ఒకసారి తెల్లగా మెరిసి మాయమైపోతోంది.

అమీర్‌పేటలో మా ఇంట్లోనే నేను సంగీతం చెబుతాను. పాత శ్రుతిపెట్టె మూలపడ్డాక ఆ యాపే నాకు ఆధారం. మామూలు రోజైతే పోనీలే అనుకునేదాన్ని. కానీ ఆ సాయంత్రం నాలుగింటికి మా కింది వాటా వదినగారి రిటైర్మెంట్ సభ.

ఆవిడ ఎర్రమంజిల్‌లో ఓ సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా. నలుగురిలో గట్టిగా మాట్లాడి ఎరగదు. ఏడాది కిందట నా దగ్గర పాట మొదలుపెట్టి, "ఆఖరి రోజు నేను పాడత" అని ఆఫీసులో చెప్పేసింది. పక్క సీటాయన "నువ్వా! పాడుడా!" అని పగలబడి నవ్వాడట. అప్పట్నుంచి ఆవిడకి ఒక్క కీర్తనే లోకం. చరణంలో పైకి వెళ్లేచోట మాత్రం గొంతు విరిగేది. "సాధన చాలడం లేదు వదినగారూ" అని నేను విసుక్కునేదాన్ని. "అవును టీచరమ్మా" అని ఆవిడ మళ్లీ మొదట్నుంచి అందుకునేది. ఇక శ్రుతి వినబడకపోతే మొదటి మాటకే బెదిరిపోతుంది.

టాబ్లెట్ ఆపి వెలిగించాను. బతిమాలాను. తిట్టాను. సందుకో కంప్యూటర్ కోర్సు చెప్పే చోట ఉంటూ కూడా ఎవరినీ అడగకూడదని నా పంతం. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ పంతం కాస్తా దిగిపోయింది. ఆటో ఎక్కి పంజాగుట్టలో ఓ రిపేరు కొట్టుకి పరిగెత్తాను.

కొట్టాయన నెరిసిన గడ్డం నిమురుకుంటూ చూశాడు. "అప్‌డేట్ పడ్డంక గిట్లనే అయితది మేడం. టాబ్ కొత్తగైంది, యాప్ పాతదే ఉన్నది. దీన్ని తీసేసి కొత్తది ఎక్కిద్దాం. మీరు వెట్టుకున్న సెట్టింగులు పోతయ్ మరి."

"ఏం పోయినా ఫరవాలేదండీ, మోగితే చాలు!"

"జర ఆగుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయనకి ఫికర్ లేదు, ఆయన నెట్‌కి అంతకన్నా లేదు. మూడున్నరకి యాప్ ఎక్కింది. తంబూరా మోగింది. బయటి హారన్ల మోతలో అది ఏ శ్రుతో కూడా పట్టించుకోకుండా, ఆయనకి దండం పెట్టి మళ్లీ ఆటో ఎక్కాను.

నేను ఆఫీసు హాలుకి వెళ్లేసరికి ఆవిడ మెడలో దండలతో మైకు ముందు నిలబడి ఉంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నన్ను చూశాక ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. టాబ్లెట్ మైకు దగ్గర పెట్టి నొక్కాను.

మోగింది మా శ్రుతి కాదు. మేం ఏడాదంతా సాధన చేసింది ఐదున్నర శ్రుతిలో. అది నా గొంతుకి సరిపడే శ్రుతి. సెట్టింగులతో పాటు అదీ పోయి, ఇప్పుడు బాగా కిందున్న నాలుగు మోగుతోంది. ఆపుదామని చెయ్యి చాచేలోపే ఆవిడ అందుకుంది.

చరణం వచ్చింది. పైకి వెళ్లేచోటూ వచ్చింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. గొంతు విరగలేదు. అలవోకగా, నిండుగా లేచి హాలంతా పరుచుకుంది. కళ్లు తెరిస్తే, పక్క సీటాయన చేతిలో సమోసా కొరకకుండా అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనూ సిగ్గుతోనూ.

చప్పట్లయ్యాక ఆవిడ నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. "ఇయ్యాల గొంతు గుంజలే టీచరమ్మా. మస్తు అల్కగ పోయింది. ఏం జేసినవ్?"

మాట దాటేయొచ్చు. మనసొప్పలేదు. "నేనేం చేయలేదు వదినగారూ. ఏడాదంతా నా శ్రుతిలో పాడించి, మీ గొంతుని తప్పుపట్టాను. ఇవాళ పొరపాటున మీ శ్రుతి తగిలింది."

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ దండలు కూడా తీయకుండా మెట్ల మీద కూర్చుని నన్ను పక్కకి లాగింది.

"గట్లనా! అయితే ఇంకోపారి గా శ్రుతి వెట్టు టీచరమ్మా, మల్ల పాడత. గంత మందిల భయానికి సరిగ ఇనలే. నా గొంతు ఎట్లుంటదో నేను సుత ఇంట."