రేడియోలో ఏడ్చిన ఆవిడ

మా నాన్న సర్కారు ఉద్యోగం వదిలేసి, నిషేధించిన పార్టీలో చేరి అజ్ఞాతంలోకి పోయాడు. అది 1950 మొదట్లో. మేము మద్రాసులో, పురసవాక్కంలో ఉండేవాళ్లం. కొన్నాళ్లకే సర్కారు ప్రచారం వ్యాను మా వీధికొచ్చింది. అట్లా పోయినవాళ్లంతా పెళ్లాంబిడ్డల్ని గాలికొదిలేసి, అక్కడ పరాయి ఆడవాళ్లతో కాపురాలు పెట్టారని మైకులో అరిచింది. నాన్న రాజకీయం తప్పని చెప్పే దమ్ము మాత్రం ఒక్కడికీ లేదు.

తర్వాత ఇద్దరు ఆఫీసర్లు ఇంటికొచ్చారు. రేడియోలో నాన్నని పేరు పెట్టి పిలిచి, ఇంటికి రమ్మని ఏడవమన్నారు అమ్మని.

"ఏడవమంటే ఏడుస్తా సార్. ఆయన పేరు మాత్రం నా నోట రాదు," అంది అమ్మ. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మావాళ్ల నమ్మకం.

వాళ్లు నవ్వుకుంటా పోయారు. ఆ ఆదివారం సాయంత్రం పార్కులో జనం కోసం పెట్టిన రేడియోలో ఎవరో ఆవిడ, తానే ఆయన భార్యనంటూ నాన్నని పేరు పెట్టి పిలిచి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ గరగరలో అది అమ్మ గొంతేననుకున్నారు అందరూ. కాదని అమ్మ ఒట్టేసినా నమ్మలేదు. వీధిలో ఆడవాళ్లు ఆమెని పేరంటాలకి పిలవడం మానేశారు. మొగుడు వదిలేసినందుకు కాదు, ఆయన పేరు ఊరంతా వినేట్టు పలికినందుకు.

"ఆ గొంతు నాది కాదని ఆయనకి తెలుసు. అందుకే రాలేదు," అనేది అమ్మ.

నిషేధం ఎత్తేశారు. అజ్ఞాతంలోకి పోయినవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు చేరారు. నాన్న రాలేదు. అమ్మ అప్పుడూ ఆ మాటే అంది.