పైగుడిలో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నా తెలివితేటలంటే నాకు చాలా గౌరవం. ఏర్పేడు పక్కన ఫోన్ ఛార్జర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం. బెల్టు మీద నా ముందుకొచ్చే ఛార్జర్లను ఒక్కొక్కటీ పరీక్షించి, పనికిరానిదాన్ని ఎర్ర డబ్బాలో పడేయడం నా పని. చేతికి పట్టిన అలవాటు బుర్రకూ పట్టుకుంటుందేమో, అమ్మ ఫోన్‌లో పంపించే పెళ్ళికొడుకుల ఫోటోలను కూడా అలాగే చూసేదాన్ని. ఒకడికి మీసం ఎక్కువ. ఇంకొకడికి మాటలెక్కువ (మాట్లాడి చూశానా అంటే లేదు, ఫోటోలో నోరు తెరుచుకుని ఉన్నాడు, అంతే). నిజం చెప్పాలంటే పాపం వాళ్ళలో ఏ లోపమూ లేదు. హాస్టల్ గదిలో స్నేహితురాళ్ళ కబుర్లు, ఆదివారం తిరుపతిలో సినిమా, నా జీతంతో కొనుక్కున్న స్కూటీ, ఇవన్నీ పెళ్ళితో చేజారిపోతాయని నా భయం.

అలాంటప్పుడు వచ్చింది తిరుపతి సంబంధం. వాళ్ళకు తిరుమలలో బొమ్మల అంగడి ఉంది. ఫోటోలో అబ్బాయి నల్లద్దాలు పెట్టుకుని, ఎవరిదో బుల్లెట్ బండికి ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా గుండీలను కాస్త ఇబ్బంది పెడుతున్న పొట్ట కూడా కనిపించింది. "ఈ తూరి వద్దంటే కుదరదు పాపా. తల్లీకొడుకులు మన పాకాలకే వస్తామంటా ఉండారు" అన్నాడు నాయన. నా చూపు మాత్రం ఆ పొట్ట దగ్గరే ఆగిపోయింది. అక్కడే నాకు ఉపాయం తట్టింది.

పాకాల దాటి కొంత దూరం పోతే అడవిలో ఒక కొండ, దాని మీద శివుడి గుడి ఉన్నాయి. మా వైపు అందరూ పైగుడి అంటారు. రోడ్డు లేదు, మెట్లు లేవు. బండల మధ్య కాలిబాట, దారి తప్పకుండా అక్కడక్కడా సున్నంతో వేసిన బాణం గుర్తులు, అంతే. సోమవారాలు మాత్రం పూజారి ఎక్కి, పూజ చేసి, మధ్యాహ్నానికి తాళం వేసుకుని దిగిపోతాడు. "నాయనా, చూపులేవో పైగుడిలో పెట్టుకుందాం. స్వామి ఎదురుగా అయితే నాకు నిమ్మళంగా ఉంటాది" అన్నాను. నల్లద్దాలాయన సగం కొండ కూడా ఎక్కలేక 'ఇదేం సంబంధమబ్బా' అని అటునుంచి అటే తిరుపతి బస్సెక్కుతాడని నా లెక్క. నాయనకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సూసినావా, ఫ్యాక్టరీలో సేరినా మన పాపకి భక్తి యాడికీ పోలా" అని అమ్మతో అన్నాడు. అమ్మ నన్ను అదోలా చూసింది.

ఆ సోమవారం పొద్దున అమ్మ నాకు ఆకుపచ్చ పట్టుచీర కట్టి, తలనిండా మల్లెపూలు పెట్టి, వచ్చినవాళ్ళకు పెళ్ళికూతురే వడ్డిస్తే మర్యాదగా ఉంటుందని చిత్రాన్నం టిఫిన్ క్యారియర్ నా చేతికిచ్చింది. స్వామి నైవేద్యం నాయన చేతిలో ఉంది. బాట మొదట్లో నాకంటే హుషారైన మనిషి లేదు. కానీ రోజంతా కుర్చీలో కూర్చుని ఛార్జర్లు చూసే కాళ్ళు కొండను చూసి ఎన్నాళ్ళయిందో నేను ఆలోచించలేదు. సగం దారిలో కుడి పిక్క పట్టేసింది. పట్టుచీర ఏమో ప్రతి ముళ్ళకంపనూ పలకరిస్తోంది. "మీరు పోయి పూజారితో మాట్లాడండి. నేను నిదానంగా వస్తా" అని అమ్మానాయనలను పంపించేసి, ఒక బండ నీడలో కూలబడ్డాను.

కాసేపటికి కింది నుంచి ఎవరో కూనిరాగం తీస్తూ వస్తున్నారు. తొంగి చూద్దును కదా, నల్లద్దాలు లేని నల్లద్దాలాయన! చెప్పులు చేత్తో పట్టుకుని, బజారుకు కూరగాయలకు పోతున్నంత తీరిగ్గా ఎక్కుతున్నాడు. ఆయాసం లేదు, చెమట లేదు. ఆ పొట్ట ఉత్త అలంకారమని అప్పుడర్థమైంది. (బస్సులుండగా కూడా వారంలో సగం రోజులు తిరుమల అంగడికి నడిచే ఎక్కుతాడన్న సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.) నేను కొంగు తలమీదికి లాక్కుని బండ వెనక్కి నక్కాను. ఆయన చూడకుండానే సాగిపోయాడు.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో గొంతు వినిపించింది. "అయ్యో దేవుడా... నా మోకాళ్ళో... ఈ కొండ మీద సూపులు పెట్టినోళ్ళ కడుపు సల్లగుండా..." అనుకుంటూ భారీ మనిషి ఒకావిడ వచ్చి నా బండ మీదే దబ్బున కూర్చుంది. కొంగుతో విసురుకుంటూ నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"నువ్వేనా మ్మే పెళ్ళికూతురు?"

కొంగు ఇంకాస్త కిందికి లాక్కున్నాను. "ఎట్ల కనిపెట్టినారు?"

"కొండెక్కేదానికి పట్టుచీర కట్టుకొచ్చే పిచ్చిది పెళ్ళికూతురు కాకపోతే ఇంకెవురు? నా కొడుకు ముందే పోయినాడు. నాకోసరం నిలబడితే మంచి టైము దాటిపోతాదని నేనే తరిమినా. నాకు కండ్లు తిరగతా ఉండాయి, పొద్దున్నించి ఏమీ తినలా. ఆ టిపన్లో ఏముండాది?"

చిత్రాన్నం అన్నాను. స్వామికి పెట్టకముందే తినొచ్చా అని కూడా అన్నాను, లేని భక్తిని ఎక్కడినుంచో తెచ్చుకుని. "స్వామి పైన ఉండాడు, మనం ఈడ ఉండాం. తింటేనే కదా ఆయన కాడికి పోయేది!" అందావిడ. నేను క్యారియర్ విప్పాను. ఇద్దరం క్యారియర్ మూతల్లో పెట్టుకుని మొదలుపెట్టాం. ఆకలి మీద ఉన్నామేమో, పై గిన్నె చూస్తుండగానే ఖాళీ అయింది. తర్వాత ఆవిడే మెల్లగా అడిగింది.

"ఈ కొండ నువ్వే సెప్పినావు కదా?"

నేను గబగబా ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"మీ నాయన ఫోన్లో మా పాప భక్తి, మా పాప భక్తి అని ఒకటే సెప్పడం. ఈ వయసు పిల్లకి కొండంత భక్తి యాడనించి వస్తాదిలే అని అప్పుడే అనుకున్నా. నా పెళ్ళిసూపులప్పుడు నేను కడుపునొప్పి అని దుప్పటి కప్పుకొని పడుకుంటి. లేపి కూసోబెట్టినారు, అది వేరే సంగతి." కాసేపు నవ్వి, నా మోచేతి మీద చెయ్యి వేసింది. "ఇష్టం లేకపోతే నాతో సెప్పు మ్మే. జాతకం కుదర్లేదని నేనే సెప్పేస్తా. మీ నాయన నిన్ను ఒక్క మాట అనకుండా సూసుకుంటా."

అప్పటిదాకా నాయన 'ఎప్పుడు' అని అడిగాడు, అమ్మ 'ఎందుకు వద్దు' అని అడిగింది. ఇష్టమా అని అడిగిన మొదటి మనిషి, చేతికి చిత్రాన్నం అంటించుకుని నా పక్కన ఆయాసపడుతోంది. ఎందుకో ఏడుపొచ్చింది. ఉద్యోగం, హాస్టల్, స్కూటీ, అన్నీ కక్కేశాను.

"ఉద్యోగం మానమని ఎవురన్నారు? తిరుపతి నుంచి ఏర్పేడుకి దావ లేదా, నీకు బండి లేదా?" అంది ఆవిడ. "పెండ్లి నా కొడుకుతో సేసుకున్నా సేసుకోకపోయినా, ఆ అడుగున ఉండే సెనక్కాయ విత్తనాలు మాత్రం ఇట్లెయ్యి."

సరిగ్గా అప్పుడు పై నుంచి కొడుకు పరిగెత్తుకుంటూ దిగాడు. చేతిలో నీళ్ళ సీసా, మొహంలో కంగారు. "మా, నువ్వు బాగుండావా? పైన గోలగా ఉండాది. పెళ్ళికూతురు దావలో నాకు కనపళ్ళేదు. పారిపోయిందేమోనని వాళ్ళ నాయన తల పట్టుకొని కూసోనుండాడు."

"పారిపోలా నాయనా. ఇదో, ఈడ సిత్రాన్నం తింటా ఉండాది."

ఆయన నావైపు తిరిగాడు. నా బుగ్గ నిండా అన్నం, చేతిలో క్యారియర్ మూత, మల్లెపూలు ఒక చెవి మీదికి జారి ఉన్నాయి. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడ్డాడు. "నీళ్ళు తాగతారా?" అన్నాడు. తల ఊపాను. మా పెళ్ళిచూపుల్లో మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే.

ఆవిణ్ణి పైకి చేర్చడం పెద్ద తతంగమే అయింది. ముందు నేను చెయ్యి పట్టి లాగడం, వెనక నుంచి ఆయన ఆసరా ఇవ్వడం, మధ్యలో ఆవిడ శివుణ్ణి, కొండను, మమ్మల్ని వరసపెట్టి తిట్టడం. నా పిక్క నొప్పి ఎప్పుడు పోయిందో గుర్తులేదు. మేం చేరేసరికి పూజారి తాళంచెవి చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే నాయన గట్టిగా ఊపిరి వదిలాడు. హారతి ఇస్తూ పూజారి "కోడలా తల్లీ?" అని ఆవిణ్ణి అడిగాడు. "ఆ పిల్లనే అడుగు సామీ" అందావిడ. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. "ముందు కొండ దిగనీండి సామీ" అన్నాను.

దిగాక కూడా వెంటనే చెప్పలేదు. కొన్నాళ్ళు ఫోన్‌లో మాట్లాడాను, ఆయనతో కొంచెం, వాళ్ళమ్మతో చాలా. చివరికి ఒకరోజు భోజనాల విరామంలో, ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి సరేనని చెప్పింది కూడా ఆవిడకే. "నాకెందుకు సెప్తావు మ్మే, వాడికి సెప్పు" అని నవ్వింది అత్త.

ఇప్పుడు అత్త కొండలెక్కడం లేదు, వీధి చివరి దాకా నడవడమే గగనం. కానీ ఎవరింట్లో పెళ్ళైనా అమ్మాయిలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఈ కథ చెబుతుంది. ఆవిడ కథలో చిత్రాన్నం ఉండదు, మోకాళ్ళ నొప్పులూ ఉండవు. "పాపం, పిల్ల ఎక్కలేక సగం కొండలో కూలబడి ఏడస్తా ఉండాది. నేనే సెయ్యి పట్టుకొని పైకి తీసకపోయినా" అంటుంది. మా ఆయన నావైపు చూస్తాడు, సరిదిద్దుతానేమోనని. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఈమధ్య ఊరికే నవ్వి ఊరుకుంటున్నాను. ఆ బండ నీడలో కూర్చున్న అతితెలివి పిల్లను తలుచుకుంటే, అత్త చెప్పేదే నిజమేమోనని నాకే అనిపిస్తోంది.