దీపం కింద తూటాలు

నా చిన్నప్పుడు ప్రతి శుక్రవారం ఇత్తడి దీపం తోమే పని నాది. చింతపండు నానబెట్టి, కాస్త ఉప్పు కలిపి, దీపం తళతళలాడేదాకా తోమితే గానీ మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. అప్పటికే దక్షిణాఫ్రికాలో, మా డర్బన్‌లో, మా పిల్లలందరి నోటా ఇంగ్లీషే. తెలుగు మా ఇంట్లో దీపం దగ్గర, కూర దగ్గర, తిట్ల దగ్గర మిగిలింది. ఆ మూడింటికీ పెద్ద మా నాయనమ్మే.

అది దేశంలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మనవాళ్ళు అందరూ కలిసి మొదటిసారి ఓటు వేయబోతున్న ఏడాది. నాకు పదేళ్ళు. సిడెన్‌హామ్‌లో మా వీధి వీధంతా తుఫాను వస్తున్నట్టు సరుకులు కొని పెట్టుకుంది. కొవ్వొత్తులు, బియ్యం, డబ్బా చేపలు. ఏం జరగబోతోందో ఎవరికీ తెలియదు గానీ, అందరూ తెలిసినట్టే మాట్లాడేవారు. ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా నాన్న రోజుకో కొత్త భయం ఇంటికి మోసుకొచ్చేవాడు. ఒకరోజు తూటాల పెట్టెలు తెచ్చాడు.

మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. మా తాతయ్య ఉత్తర తీరంలో కూరగాయలు పండించిన రోజుల్లో అడవి పందుల కోసం కొన్నది. తోట పోయాక లైసెన్సు నాన్న పేరుకి మారింది. తుపాకీ ఉన్న ఇనప బీరువా తాళంచెవి మాత్రం తాతయ్య జేబులోనే ఉండేది. తూటాలు ఇంట్లో లేక చాలా ఏళ్ళయింది.

కొత్త తూటాలను పిల్లలకి అందకుండా ఎక్కడ పెట్టాలా అని నాన్న బాగా ఆలోచించి, దేవుడి అరలో దీపం పీట వెనక దాచాడు. స్నానం చేయకుండా ఆ అర తలుపు మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అంతకన్నా భద్రమైన చోటు లేదని ఆయన లెక్క. శుక్రవారం పొద్దున తలంటుకున్న పిల్ల ఒకతి అందులో చేయి పెడుతుందన్న సంగతి మరిచిపోయాడు.

పెట్టె తెరిచి చూస్తే ఎర్రటి గొట్టాలు, ఒక్కోదానికి అడుగున ఇత్తడి బిళ్ళ. దేవుడి అరలో ఉన్నాయి గనక పూజ సామాను అనుకున్నాను. ఇత్తడి కనిపిస్తే నేనేం చేస్తాను? దీపంతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమాను. శుభ్రంగా కడిగి, పెరటి మెట్టు మీద ఎండలో వరసగా నిలబెట్టాను. ఎనిమిది పూర్తయ్యేసరికి తాతయ్య వచ్చాడు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది నాకు, అంత తెల్లబడింది ఆయన ముఖం. నా తడి చేయి పట్టుకుని పక్కకి లాగి, చాలాసేపు వదల్లేదు. మా తాతయ్య భయపడతాడని నాకు అంతవరకు తెలియదు.

సాయంత్రం నాన్న రాగానే తాతయ్య ఆ ఎనిమిదింటినీ ఆయన ముందు పెట్టాడు. "తడిసినదాన్ని నమ్మకూడదురా. పేలాల్సినప్పుడు పేలదు, పేలదనుకున్నప్పుడు పేలుద్ది. ఇయ్యి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేసి రా," అన్నాడు. మిగతావాటికి ఆయనే చోటు వెతికాడు, నన్ను వెంటబెట్టుకుని. గరాజ్ రేకుల కింద వేడి. వంటింట్లో ఆవిరి. దేవుడి దగ్గర నిప్పు. చివరికి నడవలో ఎండ తగలని అల్మరా కుదిరింది. తూటాలను వాటి పెట్టెల్లోనే ఉంచి, ఒక ఇనప పెట్టెలో పెట్టి, తేమ పీల్చుకోవడానికి కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు వేసి తాళం వేశాడు. ఆ తాళంచెవి నాయనమ్మకి ఇచ్చాడు. బీరువాది మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

నాన్నకి ఒళ్ళు మండింది. "ఎవడో గేటు విరగ్గొడుతుంటే మీ ఇద్దరి దగ్గరా తాళంచెవులు అడుక్కుంటూ తిరగాలా అయ్యా?"

"తిరగాలి," అన్నాడు తాతయ్య.

ఓట్లకి ముందు శనివారం, పొద్దుగూకే వేళ, మా గేటు ఎవరో ఊపేస్తున్నారు. గొలుసు చప్పుడు, కుక్క మొరుగుడు, అర్థం కాని కేకలు. నాన్న ఒక్క గెంతున తాతయ్య దగ్గరికి వెళ్ళాడు. తాతయ్య బీరువా తాళంచెవి ఇచ్చేశాడు. నాన్న తుపాకీ తీసి, "అమ్మా, తాళంచెవి!" అని అరిచాడు.

నాయనమ్మ చేపలకి పసుపు కారం పట్టిస్తోంది. లేచి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలు. గోళ్ళ సందులు. నాన్న తిట్టాడు, బతిమాలాడు. ఆవిడ సబ్బు అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. మేమంతా చచ్చిపోతాం, ఈవిడ ఇంకా చేతులే కడుగుతోంది అనుకున్నాను.

ఈలోపు తాతయ్య తలుపు వారగా నిలబడి, ఎవరని ఇక్కడివాళ్ళ జూలూ భాషలో అడిగాడు. రొప్పుతూ జవాబొచ్చింది. ఆ గొంతు నాన్నకి తెలుసు. ఫ్యాక్టరీలో ఆయన పక్కనే నిలబడి కార్ల తలుపులు బిగించే మనిషిది. ఓట్ల గొడవల్లో వాళ్ళ పేటలో ఇళ్ళు తగలబడుతుంటే కూతుర్ని తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. గేటు ఊపుతున్నది ఆయన కాదు, ఆ పిల్ల. నా అంత ఎత్తుంది. రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఊపుతోంది.

నాన్న ఖాళీ తుపాకీ తాతయ్య చేతికిచ్చి నడవలో కూలబడ్డాడు. "అయ్యా, అందులో తూటా ఉండుంటే..." అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను నాన్న ఏడవడం చూసింది అప్పుడే.

"లేదుగా," అన్నాడు తాతయ్య. "లే. వాళ్ళకి మంచినీళ్ళు ఇయ్యి."

ఆ పిల్ల లోపలికి రాగానే నాయనమ్మని చూసి "సావుబోనా, గోగో" అంది. నమస్కారం, నాయనమ్మా అని. ఓట్లు అయ్యేదాకా నా మంచం మీదే పడుకుంది. దుప్పటంతా తనే లాక్కునేది.

అంతసేపు చేతులు ఎందుకు కడిగావని తర్వాత నాయనమ్మని అడిగాను. "పసుపు చేతుల్తో తాళం ముట్టుకుంటే తుప్పు పట్టదేంటే?" అని కసిరింది. ఆ మాట నేను ఎన్నేళ్ళు నమ్మానో చెప్తే మీరు నవ్వుతారు.

తుపాకీ, తూటాలు ఎప్పుడో పోలీసులకి అప్పగించేశాం. ఆ ఇనప పెట్టె నా దగ్గరుంది, అందులో ఫొటోలు పెట్టుకున్నాను. నాకు కోపం త్వరగా వస్తుంది, అంతా మా నాన్న పోలిక. వచ్చినప్పుడు నోరు తెరిచే ముందు కుళాయి దగ్గరికి వెళ్తాను. ఒక్కో వేలు కడుక్కుంటాను. గోళ్ళ సందులు కూడా. ఇంట్లోవాళ్ళు ఇదేం పిచ్చి అంటారు. అననీ. కుళాయి కట్టేసేలోపు గేటు ఊచలు పట్టుకున్న ఆ రెండు చిన్న చేతులు నాకు కనిపిస్తాయి.