రత్నమన్న చెప్పొద్దన్న మాట

నిన్న పొద్దున పిల్లల్ని బడిలో దించి ఖాళీ వ్యానుతో తిరిగి వస్తుంటే, నంద్యాలలో మైదానం పక్కన లారీలోంచి చెక్క పలకలు దించుతున్న చప్పుడు వినిపించింది. పొడవాటి పలకలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే వచ్చే మొద్దు చప్పుడు. తల తిప్పి చూడకుండానే అవేమిటో తెలిసింది. ఎగ్జిబిషన్ వస్తోంది, మరణబావి కడుతున్నారు. నేను రోజూ పోయే దారి వదిలేసి కాలువ గట్టు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికి పోయాను. పదిహేనేళ్లుగా ఎగ్జిబిషన్ జరిగినన్ని రోజులూ నా దారి అదే.

మరణబావి చూడనివాళ్ల కోసం చెబుతాను. అది నేలలో తవ్విన బావి కాదు. పలకలు నిలువుగా బిగించి, రెండంతస్తుల ఎత్తున గుండ్రంగా కట్టిన పెద్ద తొట్టి. చూసేవాళ్లు మెట్లెక్కి అంచు మీద నిలబడి లోపలికి చూస్తారు. అడుగున ఒక కారు, రెండు మూడు మోటారు సైకిళ్లు ఉంటాయి. అవి కింద గుండ్రంగా తిరిగి తిరిగి, వేగం అందుకుని, నిట్టనిలువు గోడ మీదికెక్కి పరుగెత్తుతాయి. ఆ కారు నడిపేవాడు మా రత్నమన్న. పూర్తి పేరు యేసురత్నం. ఆళ్లగడ్డలో చర్చి వీధిలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు. బావి ఏ ఊరికి పోతే ఆ ఊరికి పోయి, వానాకాలంలో బావి విప్పేశాక ఇంటికి వచ్చి, ఆ నాలుగు నెలలూ పాత మారుతి కారులో ఊళ్లోవాళ్లకు డ్రైవింగ్ నేర్పేవాడు. ఇరవై ఏళ్లకు పైగా అదే బతుకు.

ఆయన నాతో మొదటిసారి మాట్లాడింది నా భర్త కామెర్లతో పోయిన మూడో నెలలో. ఇంటి ముందు నా భర్త నడిపిన ఆటో నిలిచిపోయి ఉంది. కొనడానికి ఎవరో వచ్చి చూసి వెళ్లారు. రత్నమన్న అటు పోతూ ఆగాడు. వానలో తడిసి పైకప్పు పట్టా మీద బూజు పట్టిన ఆటో చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలు చేత్తో నొక్కి చూశాడు.

"అమ్మేస్తాండావంట?"

"ఏం చేయాలన్నా. నడిపేవాళ్లు యాడుండారు?"

"నువ్వుండావు గదా" అన్నాడు. అంతే. రేపు పొద్దున ఆరింటికి రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట అంతకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు. మా అమ్మ వద్దంది. వీధిలో నవ్వారు. నేను మాత్రం పొద్దున అయిదున్నరకే ఆటో పక్కన నిలబడి ఉన్నాను.

అహోబిలం రోడ్డులో రాళ్లు చెక్కే పాకలు దాటాక నేర్పేవాడు. ఆ వేళకే ఉలి చప్పుళ్లు మొదలయ్యేవి. ముందు ఆటో, తర్వాత కారు. నేను ఎప్పుడూ బండి ముందున్న రెండు గజాల నేలనే చూస్తూ స్టీరింగును గట్టిగా పట్టుకునేదాన్ని. ఆయన అరిచేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. "దగ్గర చూడొద్దు పాపా. దూరం చూడు, చెయ్యి దానంతటదే పోతాది" అనేవాడు. ఒకరోజు బావిలో ఎలా చూస్తావని అడిగాను. బావిలో చూసేదానికి దూరమే లేదన్నాడు. ఒక పలక చూడాలి, తిరిగి వచ్చి మళ్లీ అదే పలక చూడాలి. అట్లా ఇరవై ఏళ్లు చూశానని, ఇంత రోడ్డు పెట్టుకుని నువ్వు నేల చూస్తాండావని అన్నాడు. ఆయన గొంతులో అసూయ లాంటిది వినబడింది. లేదా ఇప్పుడు నాకలా అనిపిస్తోందేమో.

ఆ ఏడాది ఎగ్జిబిషన్‌కి ఆయన భార్య ఎస్తేరక్కతో కలిసి నేనూ నంద్యాల పోయాను. అంచు మీద నిలబడితే కాళ్ల కింద పలకలు వణికాయి. మారుతి కారు గోడెక్కి, నా పాదాలకు మూరెడు దూరంలోకి వచ్చి పోతోంది. రత్నమన్న సగం ఒంటిని కిటికీలోంచి బయట పెట్టి, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన కళ్లు నా మీదుగానే పోయాయి కానీ నన్ను చూడలేదు. ఎవర్నీ చూడటం లేదు. పక్కనే మోటారు సైకిలు మీద ఎస్తేరక్క తమ్ముడు ప్రభుదాసు తిరుగుతున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, సొంతూరు అవుకులో పెళ్లాం, ఒక ఆడపిల్ల. అతణ్ణి ఈ పనిలోకి తీసుకొచ్చింది రత్నమన్నే. అతను చేతులు వదిలేసి, కాళ్లు మడుచుకుని, పైన ఉన్న ప్రతి ఒక్కరికీ నవ్వుతూ పోతున్నాడు. ఎస్తేరక్క మాత్రం బావికి వీపు పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. ఇంజన్లు ఆగేదాకా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడా లోపలికి చూడలేదని తర్వాత చెప్పింది.

మరుసటి వానాకాలానికి నాకు లైసెన్సు వచ్చింది. నంద్యాలలో ఒక బడివాళ్లు ఆడమనిషి వ్యాను నడిపితే బాగుంటుందని అడుగుతున్నారని తెలిసి, రత్నమన్న నా కోసం మాట్లాడుతున్నాడు. ఆ పని మీదే ఒకరోజు ఇద్దరం కారులో నంద్యాలకు బయలుదేరాం. ఆయనే నడుపుతున్నాడు. శిరివెళ్ల దాటాక రోడ్డు తిన్నగా ఉంది, ఎదురుగా ఏ బండీ లేదు. ఉన్నట్టుండి బ్రేకు తొక్కి కారును పక్కకు ఆపాడు. దిగి, బానెట్ పట్టుకుని, అలాగే కిందికి జారి కూర్చున్నాడు. వాంతి చేసుకున్నాడు. నేను నీళ్ల సీసా తీసుకుని పోతే ఆయన రెండు చేతులతో నేలను పట్టుకుని ఉన్నాడు.

"రోడ్డు పక్కకు వాలతాంది పాపా" అన్నాడు.

ఎన్నాళ్ల నుంచని అడిగితే ఏడాది నుంచి అన్నాడు. కర్నూలులో డాక్టరుకు చూపించుకున్నాడట. చెవి లోపల దెబ్బతిన్నదని, బావి మానుకోకపోతే ఎక్కువవుతుందని ఆయన చెప్పాడట. మరి మానుకోవచ్చు కదన్నా అన్నాను. ఆయన నోరు తుడుచుకున్నాడు.

"మానుకుంటే నేనెవురు? ఊరికే డ్రైవరు నాకొడుకును. ఆడికి పోతే జనం పేరు పెట్టి అరుస్తారు. అయినా బావిలో ఉన్నప్పుడు రాదు. నేల మీదనే వస్తాది."

ఆయన నమ్మే చెబుతున్నాడని నేననుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఎస్తేరుకు అసలే చెప్పొద్దన్నాడు. నేను సరేనన్నాను. నాకు బతుకుదెరువు చూపించిన మనిషి మాట కాదనలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ రోజు మేం పోతున్నది నా ఉద్యోగం కోసం. ఆయన మాట మీద నాకు ఆ ఉద్యోగం రావాలి. ఆయన తల తిరిగే మనిషి అని తెలిస్తే ఆయన నేర్పిన దానికి ఏం విలువ ఉంటుంది? ఈ లెక్క రోడ్డు పక్కన నిలబడిన ఆ రెండు నిమిషాల్లోనే నా బుర్రలో తిరిగింది. మిగతా దారంతా నేనే నడిపాను. ఉద్యోగం వచ్చింది. నేను నంద్యాలకు మారాను.

ఆ ఏడాది ఎగ్జిబిషన్ మొదలైన నాలుగో రోజు, సాయంత్రం మొదటి ఆట. నేను లేను, ఇంట్లో వంట చేసుకుంటున్నాను. చూసినవాళ్లు చెప్పింది ఇది. కారు గోడ మీద పైన తిరుగుతోంది. ప్రభుదాసు దాని కింద, దిగడానికి వేగం తగ్గిస్తున్నాడు. కారు అకస్మాత్తుగా కిందికి జారింది. ప్రభుదాసు కారుకూ గోడకూ మధ్య పడ్డాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. రత్నమన్నకు భుజం ఎముక, పక్కటెముకలు విరిగాయి. కారు అడుగున పడ్డాక చూస్తే ముందు టైరు ఒకటి పగిలి ఉంది. టైరు పగలడం వల్లే జారిందని బావి యజమాని అన్నాడు, పోలీసులూ అదే రాసుకున్నారు. మంచం మీద ఉన్న రత్నమన్న కాదనలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఎస్తేరక్క నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప మీద కూర్చుంది. చేతిలో బస్సు టికెట్టు మడుస్తూ ఉంది.

"నీ పక్కన కూర్చొని అన్ని నెల్లు నేర్పినాడు గదా. తల తిరుగుతాందని ఎప్పుడన్నా అన్న్యాడా?"

"లేదక్కా" అన్నాను.

"మా నాయన నమ్మలేకుండాడు. టైరు అట్ల ఊరికే పగలదంటాడు, ఈయప్పకే తల తిరిగి ఉంటాదంటాడు. నువ్వు చూసిందానివి, నువ్వు చెప్తే నమ్ముతాడు."

"ఎప్పుడూ అనలేదక్కా. బాగనే ఉన్న్యాడు."

ఆమె నా ముఖం చూసి, సరేనని లేచింది. నేను ఇచ్చిన మజ్జిగ తాగి అటునుంచి అటే అవుకు బస్సెక్కింది. నా మాటను తీసుకుపోయి వాళ్ల నాయన ముందు పెట్టింది. ఆయన ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాడని ఎవరో చెప్పగా విన్నాను.

రత్నమన్న టైరు వల్లేనన్న అబద్ధాన్ని మోయలేకపోయాడు. భుజం కట్టు విప్పిన వారానికి, ఎవరికీ చెప్పకుండా ఒక్కడే అవుకు పోయాడు. మామ ఇంటి వాకిట్లో నిలబడి, తల తిరిగిందని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశానని, ఏడాది నుంచి దాచానని చెప్పాడట. ప్రభుదాసు భార్య లోపల తలుపు దగ్గర వింటూ ఉంది. ముసలాయన అరవలేదు, కొట్టలేదు. "నీళ్లు తాగి పో" అని మాత్రం అని, లేచి గేదెల దగ్గరికి వెళ్లిపోయాడట. ఆ నీళ్లు తాగలేక, తాగకుండా రాలేక వాకిట్లో ఎండలో చాలాసేపు నిలబడ్డానని రత్నమన్న నాతో అన్నాడు. శిరివెళ్ల దగ్గర జరిగింది కూడా ఆయన దాచలేదు. నా దగ్గర బండి నేర్చుకున్న పాపకు తెలుసు, నేనే చెప్పొద్దన్నానని చెప్పాడు. నన్ను కాపాడబోయి చెప్పిన మాట అది.

ఎస్తేరక్క మళ్లీ వచ్చింది. ఈసారి వీధిలోనే నిలబడింది. "ఆయప్ప పని పోతాదని చెప్పల్యా. నువ్వెందుకు చెప్పల్యా?" అని అడిగింది. నా దగ్గర జవాబు ఉంది. ఇంటి ముందు బడి వ్యాను రూపంలో నిలబడి ఉంది. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే. భర్తతోనూ ఆమె మాటలు ఆపేసింది. వేళకు వండి, పళ్లెంలో పెట్టి, ఆయన ముందు ఉంచి పక్క గదిలోకి పోయేది. అట్లా ఎనిమిదేళ్లు.

ఆ ఎనిమిదేళ్లూ రత్నమన్న స్టీరింగు ముట్టలేదు. చెవులు దాదాపు వినిపించకుండా పోయాయి. వీధిలో గోడ పట్టుకుని నడిచేవాడు. గోడ లేనిచోట రెండడుగులు వేసి ఆగేవాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని జనం తాగుబోతు అన్నారు. పాస్టరుగారు ఇంటికి వచ్చి, ఆ అలవాటు నుంచి విడిపించమని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే, ఈయన మోకరించి ఆమెన్ అన్నాడు. నెలకో ఆదివారం పోయి చూసి వచ్చేదాన్ని. తాగననే సంగతి ఎందుకు చెప్పవన్నా అని చెవి దగ్గర గట్టిగా అడిగాను. "అనుకోనీలే పాపా. అది చిన్నమాట" అన్నాడు.

చివరిసారి కలిసినప్పుడు కారులో తిప్పమన్నాడు. తెలిసినవాళ్ల కారు అడిగి తెచ్చాను. ఎటని అడిగితే నంద్యాల రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. శనగ చేలు కోసేసి ఉన్నాయి, రెండు వైపులా నల్లటి నేల. సీటు అంచులు రెండు చేతులతో పట్టుకుని, ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నేను బాగా నడుపుతున్నానని అంటాడేమోనని ఎదురుచూశాను. చాలా దూరం పోయాక, తన గొంతు తనకు వినబడని మనిషి మాట్లాడినట్టు పెద్దగా అన్నాడు.

"బావిలో రాదని నీకు చెప్తి గదా. అది అబద్ధం. అంతకుముందే రెండు మార్లు వచ్చింది ఆడ."

బండి ఆపలేదు. ఆపితే ఆయన ముఖం చూడాల్సి వస్తుంది. కొంచెం ముందుకు పోయి వెనక్కి తిప్పాను. ఇంటి దగ్గర దింపి, గోడ దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. ఆయన గోడ అందుకున్నాక నా చెయ్యి వదిలేశాడు. ఆ వానాకాలంలో ఒక పొద్దున ఇంటి ముందు సిమెంటు నేల మీద పడిపోయాడు. తలకు దెబ్బ తగిలింది, రెండో రోజు పోయాడు. సమాధుల దగ్గర ఎస్తేరక్క నన్ను పలకరించలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. పెట్టె దించుతున్నప్పుడు మాత్రం కొంగు తీసి, తల వంచి, కళ్లు తెరిచి లోపలికి చూసింది.

ఆయన నాకు ఏమిచ్చాడని ఎవరైనా అడిగితే, నా అన్నం ఇచ్చాడని చెబుతాను. నా కూతురి చదువు ఆయన పుణ్యమే. ఇంకా ఏదో ఇచ్చాడు, దానికి నాకు పేరు తెలియదు. అది పాఠం అని చెప్పుకోవాలని ఉంటుంది, అయితే నేనేమీ నేర్చుకోలేదు. చికిత్సతో ఇప్పుడు నయమైంది కానీ, పోయినేడు నాకు షుగరు వల్ల ఎడమ కన్ను మసకబారింది. ఒక సోమవారం పొద్దున ఎదురుగా వచ్చే బస్సు రెండుగా కనబడింది. వ్యానులో ముప్పై ఒక్క మంది పిల్లలు ఉన్నారు. సర్దుకుంటుందిలే అనుకున్నాను. మంగళవారం నడిపాను. బుధవారం నడిపాను. పిల్లలు వెనక పాటలు పాడుతుంటే, ఒక కన్ను మూసుకుని, ఆ రోడ్డు నాకు బాగా తెలుసని, నడుపుతున్నప్పుడు అంతగా రాదని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. గురువారం పొద్దున తాళాలు తీసుకుపోయి మేనేజరుగారి బల్ల మీద పెట్టాను. చూపు సరిగా లేదని, చికిత్స చేయించుకుని వస్తానని చెప్పాను. చాలామంచి పని చేశావమ్మా, వెంటనే చెప్పావు అని ఆయన మెచ్చుకున్నారు. తర్వాత, ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగారు.

ఇవాళ పొద్దున్నుంచే సార్ అన్నాను.