మా వన్స్‌మోర్లు మింగేసిన ఆఖరి పద్యం

మొన్న ఆదివారం పొద్దున నా ఫోను ఆగకుండా మోగుతుంటే, మా వయసులో ఇలాంటి మోత వింటే ఎవరికేమైందోనని ముందు గుండె జారుతుంది కనుక, గాభరాగా కళ్లజోడు వెతుక్కుని చూశాను. తీరా చూస్తే మా జనగామ పాత మిత్రుల గుంపు. అందరం డెబ్బై దాటినవాళ్లమే. మా రోజుల్లో జనానికి పిచ్చెక్కించిన ఒక పద్యనాటకాన్ని ఎవరో యువకులు మళ్లీ కట్టారట, మానుకోటలో బాగా ఆడిందట, వచ్చే నెల జనగామకు తెస్తున్నారట. ఇంకేముంది, రాజు వేషం ఎవరిది, గొంతు ఎలా ఉంది, పాతాయన కాలిగోటికైనా సరిపోతాడా అని మధ్యాహ్నం దాకా ఒకటే రభస. అందులో ఒక పెద్దమనిషి, మోకాళ్లకు ఆపరేషను చేయించుకుని నెల తిరగలేదు, ఈసారి పది వన్స్‌మోర్లకు తగ్గేది లేదని రాశాడు. అది చదివాక నాకు ఒళ్లు మండిపోయి ఫోను బల్ల మీద బోర్లా పడేశాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఏమీ లేదన్నాను గానీ, ఏమీ లేకపోవడమేమిటి, నలభై ఏళ్లు దాటినా ఆ మాట చెవిన పడితే నాకు అన్నం సహించదు.

పద్యనాటకాల రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. రాజు తెర చాటు నుంచి రాగం ఎత్తుకుంటూ బయటికి రావడం, పద్యం చివరి పాదాన్ని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయడం, జనం లేచి వన్స్‌మోర్ అని అరవడం, ఆయన కిరీటం సర్దుకుని మళ్లీ మొదటికి రావడం, ఇదంతా మనకు నాటకంలో భాగమే. చచ్చి పడివున్న పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేది. ఎవరికీ అది వింతగా తోచేది కాదు.

నేను చెప్పే నాటకంలో రాజు యుద్ధంలో ఓడిపోయి, పేరు మార్చుకుని పరాయి దేశాల వెంట తిరుగుతాడు. చివరి అంకంలో ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడితే భార్య గుర్తుపట్టదు. అప్పుడు తానెవరో ఆమెకు ఒక పద్యంలో చెప్పుకుంటాడు. ఆ పద్యం కోసమే నాటకం అని తెలిసినవాళ్లు అనేవారు. రాజు వేషం కట్టే ఆయనది మానుకోట, అంటే ఇప్పుడు కాగితాల్లో రాసే మహబూబాబాదు. ఆయనను మేమంతా పెద్దాయన అనేవాళ్లం.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం వేడెక్కుతున్న రోజుల్లో, ఆ నాటకం మొదటిసారి మా ఊరొచ్చింది. బడి ఆవరణలో ఎండ చల్లబడకముందే మొదలుపెట్టారు. మా మేనత్త, మా బాపు చెల్లెలు, ముందు వరుసలో చాప పరుచుకుని కూర్చుంది. నాలుగంకాలయ్యాయి. ఆఖరి అంకానికి తెర లేవబోతుండగా బజారులో గొడవవుతోందని కబురొచ్చింది. నాటకం వాళ్లే ముందుకొచ్చి దండం పెట్టి, అందరూ జాగ్రత్తగా ఇళ్లకు పొమ్మన్నారు. జనం చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు. మా అత్త మాత్రం చాప చుట్టి చంకలో పెట్టుకుని కూడా కదలకుండా ఆ తెర వైపే చూస్తూ నిలబడితే, నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆ ఏడు మా చదువులు పోయాయి, ఆ తరువాత ఆ నాటకం కూడా పోయింది. వేషగాళ్లు ఎవరి బతుకుదెరువు వాళ్లు చూసుకున్నారు.

అత్త గురించి ఒక మాట చెప్పాలి. పెళ్లయిన రెండో ఏడు మామ షోలాపూరు మిల్లులో పనికని పోయి మళ్లీ రాలేదు. ఉత్తరం లేదు, చచ్చాడన్న కబురూ లేదు. ఆమె పుస్తెలు తీయలేదు, మా ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నాలు వసారాలో మోదుగాకు విస్తర్లు కుడుతూ, ఒకసారి విన్న ఆ నాలుగంకాల పద్యాలను తనలో తాను పాడుకునేది. నాలుగో అంకం అయిపోగానే ఆగిపోయేది, ఇంకో ఆకు తీసుకుని మళ్లీ మొదటి అంకం ఎత్తుకునేది. ఇల్లు విడిచిపోయినవాడు వాకిట్లోకి వచ్చి ఏ రాగంలో మాట్లాడతాడో వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోందని ఇంట్లో ఇంతమందిమి ఉండి ఒక్కరికీ తట్టలేదు. అత్తకు నాటకాల పిచ్చి అని నవ్వుకునేవాళ్లం.

ఎనిమిది తొమ్మిదేళ్లకు మానుకోటలో ఆ నాటకాన్ని మళ్లీ కట్టారన్న కబురు తెలిసింది. పెద్దాయనే రాజు. మా చిన్నాయిన, అత్తకు తమ్ముడు, ఊళ్లో నాటకాభిమానులకు తనను తాను పెద్దగా నియమించుకున్నవాడు, రెండుసార్లు రైలెక్కి వెళ్లి చూసొచ్చాడు. నన్నూ తీసుకుపో తమ్మీ అని అత్త నోరు తెరిచి అడిగింది. ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే. "గంత దూరం రైల్ల నువ్వెందుకక్కా పరేషానయితవ్? జర ఆగు, గాయిననే నీ ముంగటికి తోల్కస్త" అన్నాడు చిన్నాయిన. పోనీ విన్న పద్యమైనా వచ్చి చెప్పాడా అంటే, ఆయన రాగం తీస్తే గేదె కూడా కట్టు తెంపుకునేది.

ఇక ఏడాదిన్నర పాటు మేము చేసిన హంగామా తలచుకుంటే నవ్వు రాదు, విసుగొస్తుంది. స్టేషను ఎదుటి హోటలే మా కచేరీ. మానుకోట నుంచి రైలు దిగినవాళ్లు ఎవరు కనబడినా లాక్కొచ్చి చాయ్ పోయించి, పెద్దాయన గొంతు ఎలా ఉందని ఆరా తీసేవాళ్లం. ఒకడు పైస్థాయి అందడం లేదన్నాడు, వాడితో నెల రోజులు మాట్లాడలేదు. పెద్దాయన బదులు ఎవరో కుర్రవాడు వస్తాడన్న పుకారు పుట్టి రెండు ముఠాలయ్యాం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పెద్దాయనకు ఉత్తరాలు రాసే పని నాకు పడింది: చింతపులుసు ముట్టవద్దు, చన్నీళ్లు తాగవద్దు, సొంఠి నమలండి, మంచులో తిరగకండి అని కార్డు వెంట కార్డు. ఆ మహానుభావుడు ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఒకసారి వానలు, ఒకసారి ఆయనకు జ్వరం, ఒకసారి హార్మోనియం వాయించేవాడి ఇంట్లో పెళ్లి, అలా మూడుసార్లు వాయిదా పడింది. పడినప్పుడల్లా అత్త పెట్టెలోంచి తీసిన చీరను మళ్లీ మడిచి పెట్టుకుంది.

చివరికి ఒక ఆదివారానికి కుదిరింది. వేరే చోటు దొరకక, సినిమా హాలును మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా అడిగి తీసుకున్నాం. ఆరింటికి వాళ్లు సినిమా వేసుకోవాలి, నాటకం వాళ్లు రైలందుకోవాలి. నాలుగు గంటల్లో అయిదంకాలు దర్జాగా అయిపోతాయి. అత్త ఆడవాళ్ల వైపు ముందు బెంచీలో కూర్చుంది.

పెద్దాయన రాగం ఎత్తుకుంటూ రంగం మీదికి వచ్చాడు. అబద్ధమెందుకు, ఆ గొంతు వినగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. మొదటి పద్యం అయిపోగానే చిన్నాయిన బెంచీ ఎక్కి నిలబడ్డాడు. "మానుకోటోళ్లు మూడుసార్లు పాడిచ్చుకున్నరు. మనమేమన్న తక్కువ తిన్నమా?" అన్నాడు మావైపు తిరిగి. ఇదిగో, ఇక్కడే మా బుద్ధి గడ్డి తిన్నది. నాలుగోసారి పాడించాం, ఐదోసారి పాడించాం, అంతటితో ఆగితే ఏం పోయేది, పదకొండు దాకా లెక్కపెట్టి పాడించాం. ఒక రాజు తన కొలువులోకి రావడానికే గంటకు పైన పట్టింది. ఆ తరువాత మంత్రికి కోపం రాకూడదని ఆయనకు రెండు, రాణికి మూడు. పెద్దాయన చెమటలు కారుతున్నా ఒక్కసారి కాదనలేదు.

నాలుగో అంకం అయ్యేసరికి ఆరయింది. బయట సినిమా జనం తలుపులు బాదుతున్నారు. హాలు మేనేజరు రంగం పక్కకు వచ్చి, మంచివాడు కాబట్టి, పావుగంట ఇస్తాను కానివ్వండి అన్నాడు. ఆఖరి అంకానికి ఆ పావుగంట సరిపోతుంది. పెద్దాయన సైగ చేశాడు, తెర లాగేవాడు తాడు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు, రాజు భార్యను విడిచి వెళ్లేటప్పుడు పాడిన పద్యం ఇంకొక్కసారి అని చిన్నాయిన అరిచాడు. ఆయనతో పాటు హాలంతా అరిచింది. నేనూ అరిచాను. పక్కనున్నవాళ్ల కంటే గట్టిగా, పిడికిలి ఎత్తి మరీ అరిచాను. పెద్దాయన ఒక్క క్షణం తటపటాయించి వెనక్కి తిరిగి వచ్చి, విడిచిపోయే ఆ పద్యాన్ని రెండుసార్లు, ఎప్పుడూ పాడనంత నింపాదిగా పాడాడు. పావుగంట అయిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం లోపలికి తోసుకొచ్చారు, రంగం మీద తెల్ల తెర దిగింది.

ఆ సాయంత్రమంతా చిన్నాయిన పదకొండు, పదకొండు అని వేళ్లు చూపిస్తూ ఊరంతా తిరిగాడు. మర్నాడు అత్త వసారాలో విస్తర్లు కుడుతుంటే నేను పోయి పక్కన కూర్చుని, మళ్లీ ఎప్పుడైనా తెప్పిద్దాంలే అత్తా అన్నాను. ఆమె పుల్ల విరిచి ఆకుకు గుచ్చుతూ, "నీ గొంతు గూడ ఇనవడ్డది బిడ్డా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాణ్ణి.

ఆ నాటకం మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. పెద్దాయన వేషాలు మానేసి చిట్యాలలో కూతురి దగ్గర ఉంటున్నాడని అక్కడ తెలిసి, ఒక సెలవు రోజు టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వాకిట్లో మంచం మీద పత్తి గింజలు తీస్తూ కూర్చున్నాడు, ఆయాసం పట్టుకుంది. అత్త సంగతంతా చెప్పి, ఆ ఒక్క పద్యం ఇందులో పాడమని అడిగాను. అడిగినవాణ్ణి ఊరుకోక, అన్నేసిసార్లు మేము అడిగితే మాత్రం మీరెందుకు పాడారని నిష్ఠూరంగా కూడా అన్నాను. "తొమ్మిదేండ్లు నన్నెవ్వలు పిల్వలే. పిల్సి మల్ల పాడుమంటె వద్దంటనా?" అన్నాడాయన. రికార్డరును మాత్రం దూరంగా జరిపేశాడు. "డబ్బాల పాడితె గది పద్యమెట్లయితది? ఎదురుంగ మనిషుండాలె. ఆమెను తోల్కరా, ఊపిరున్నకాడికి పాడుత."

ఆ వారమే జనగామ వెళ్లి అత్తకు చెప్పాను. రేపే పోదాం, ఇంటి దాకా బండి మాట్లాడతానన్నాను. ఆమెకు అప్పటికి జుట్టు పూర్తిగా నెరిసింది, చూపు తగ్గి విస్తర్లు కుట్టడం మానేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది. పాపం ముసలాయనకు ఆయాసమెందుకు, వద్దులే అంది. నేను వదలక బతిమిలాడితే అప్పుడు నా వైపు తిరిగింది. "అప్పుడు ఇనేదుండె బిడ్డా. అప్పుడు నాకు అక్కెరుండె" అంది.

ఇప్పుడు నాటకాలు చెప్పిన వేళకు మొదలై చెప్పిన వేళకు అయిపోతున్నాయి. ఎవరూ లేచి అరవరు, రంగం మీద ఎవరూ వెనక్కి తిరిగి రారు. మెత్తటి కుర్చీల్లో సగం జనం, ఉన్నవాళ్లలో సగం ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటారు, ఆఖరి పద్యం ఏ అడ్డంకీ లేకుండా చివరి పాదం దాకా సాగిపోతుంది. ఇలా ఉండవలసిందే, ఆ రోజున ఇలా ఉండి ఉంటే ఎంత బాగుండేదని నాకు నేనే చెప్పుకుంటాను. అయినా ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే నాకు ఊపిరాడదు. ఒక పద్యం వినకపోతే బతుకు వెలితిపడే మనిషి ఆ వరుసల్లో ఎక్కడైనా ఉందేమోనని ఆడవాళ్ల వైపు చూస్తాను. ఎవరి ముఖంలోనూ నాకు ఆ వెలితి కనిపించదు. అప్పుడు మాత్రం మా ఇంట్లో రోజూ కళ్లెదుట ఉన్న ముఖంలో కనిపించిందా ఏమిటి.