చిన్నబ్బ మీద కప్పిన పడుగు

సిద్ధమ్మ నోటికి నగరి దగ్గరి ఆ నేతవీధంతా జడిసేది. పదకొండేళ్లకు కాపురానికొచ్చింది. ఇరవై నిండకముందే అత్తా, మొగుడూ ఒక్క వారంలో కలరాకు పోయారు. ఏడుస్తూ కూర్చుంటే కూడెవడు పెడతాడు? మగ్గం గుంతలో తానే కాళ్లు పెట్టింది. పాలు మరవని మరిది చిన్నబ్బను ఒళ్లో వేసుకుని నేసింది. వాడికి ఊహ తెలియగానే పోగుల మధ్య నాడె విసరడం నేర్పింది.

యుద్ధం వచ్చింది, నూలుకు కంట్రోలు వచ్చింది. మగ్గానికింతని సర్కారు ఇచ్చే నూలును నేయకుండా దొంగచాటుగా అమ్ముకుంటే, ఏడాది రాబడి నెలలో చేతికొస్తుందని వీధి కనిపెట్టింది. ఇంకేముంది! గుంతలు నూలు దాచే పాతరలయ్యాయి. ఆడవాళ్ల మెడల్లో కాసులపేర్లు, ఒంటిమీద అతుకుల చీరలు. మగవాళ్లకు పట్టపగలే సారాయి, కోడిపందేలు, కత్తిపోట్లు. బట్ట నేసే వీధికే బట్ట కరువు.

సిద్ధమ్మ ఒక్కతే నేసేది.

ఒక ఉదయం వీధి పొడుగునా నిలువు పోగుల పడుగు చాచి గంజి పెడుతోంది. మునుపైతే ఇంటికొక మనిషి సాయం వచ్చేవాడు. పడుగు చాచి ఉంటే శవమైనా పక్కసందున పోవాల్సిందే, దాటకూడదు. అది ఆ వీధి కట్టుబాటు. ఆ రోజు వచ్చింది కొడవలితో చిన్నబ్బ, వాడి వెనక దొంగనూలు వ్యాపారంలో వాడి పొత్తుదారు శాంతయ్య.

“వదినా, నువ్వొకతే నేస్తే తక్కినోళ్ల నూలు యాడికి పోయిందని ఆఫీసరు అడగడా?”

“అడగనీరా. నాకూ నోరుండాది, సెప్తా.”

“నీ నూలు మాకియ్యి. మెడకు గొలుసు సేపిస్తా.”

“గొలుసు కుక్కకెయ్యి, పో.”

శాంతయ్య కాండ్రించి ఉమ్మాడు. “ఈ ముసల్దాంతో మాటలేందబ్బా? కొయ్యి!”

చిన్నబ్బ కొడవలి వేశాడు. బిగిసిన పోగులు తెగి ఆమె ముఖాన కొట్టాయి. సిద్ధమ్మ గంజికుంచె తిరగేసి కట్టెతో వాడి దవడ పగలగొట్టింది. శాంతయ్య ఆమె చెయ్యి మెలిపెట్టి తన్నాడు. మోచెయ్యి విరిగిన చప్పుడు వీధంతా విన్నది. కాసులపేర్లు గడపల్లో నిలబడి చూశాయి.

నెల తిరగలేదు. నూలుమూటల పంపకం దగ్గర తగవు వచ్చి, శాంతయ్య గడ్డపారతో చిన్నబ్బ తల బద్దలుకొట్టి, మూటలతో పరారయ్యాడు.

శవానికి కప్పడానికి కొత్తబట్ట కావాలి. ఇల్లిల్లూ వెతికారు, జానెడు దొరకలేదు. నగరి కొట్లలోనూ లేదు. చివరికి వీధిపెద్ద పెంచలయ్య ఆమె గడప ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

“సిద్ధమ్మా, కొత్తగుడ్డ ఏమన్నా ఉండాదా?”

“ఉండేదే. వాడే కోసినాడు గదా.”

అయినా లేచింది. తెగిన పడుగును ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చి, తాను పెంచిన బిడ్డ మీద పరిచింది. పోగుల సందుల్లోంచి పగిలిన తల కనిపిస్తూనే ఉంది. నెత్తురు పీల్చి ఒక్కో పోగూ ఎర్రబడుతోంది.

సిద్ధమ్మ గుమ్మాలకేసి చూసింది.

“పడుగు నేనేసినా. అడ్డంగా పేక మీరెయ్యండి, ఆ కాసులపేర్లు పెరికి!”

ఒక్క చెయ్యీ మెడ దాకా పోలేదు.